స్పైనా బిఫిడా: నాలుగు రోజుల పాప నాన్న అడిగిన ప్రశ్నలకు జవాబు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పాప పుట్టి నాలుగు రోజులైంది. నడుం కింద నిమ్మకాయంత గడ్డ ఉంది, దాని మీద చర్మం సరిగా లేదు, గుడ్డ మార్చినప్పుడల్లా చెమ్మ కనిపిస్తోంది. ప్రకాశం జిల్లాలోని మీ ఊళ్ళో డాక్టరు గారు స్పైనా బిఫిడా, అంటే వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టడం అని చెప్పి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. మీ అమ్మగారేమో "పసిగుడ్డుకి కత్తి పెట్టించొద్దు, మూడో నెల దాటనివ్వండి" అంటున్నారు. పాప నడుస్తుందా, తెలివి అందరిలాగే ఉంటుందా, మళ్ళీ పుట్టే బిడ్డకీ వస్తుందా, మాది మేనరికం కాబట్టే వచ్చిందా అని అడిగారు.

చెమ్మ వస్తోందంటే మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు, ఈరోజే బయల్దేరండి. ఆ చెమ్మ మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు. అది బయటికొచ్చే దారినే క్రిములు లోపలికి పోతాయి. పోతే మెదడు పొరలకి ఇన్‌ఫెక్షన్, దాన్నే మెనింజైటిస్ అంటాం. ఇలాంటి గడ్డని మా పిల్లల సర్జన్లం పుట్టిన 48 నుంచి 72 గంటల్లోపు మూసేయాలని చూస్తాం. మీకు ఆ గడువు దాటింది. అయినా చేయొచ్చు, చేయాలి, ఇంకో పూట మాత్రం ఆగొద్దు. మీ అమ్మగారు చెప్పినట్టు కొన్ని నెలలు ఆగే గడ్డలూ ఉంటాయి. అవి మంచి చర్మం నిండుగా కప్పి ఉన్నవి.

ప్రయాణంలో పాపని బోర్లా గానీ ఒక పక్కకి గానీ పడుకోబెట్టండి. శుభ్రమైన గాజుగుడ్డని సెలైన్‌తో తడిపి గడ్డ మీద వేసి, అది ఆరిపోకుండా పైన పల్చటి శుభ్రమైన ప్లాస్టిక్ కప్పండి. మలం దానికి తగలకుండా చూడండి. పసుపు, పౌడరు, ఆకు పసరు ఏదీ రాయొద్దు. కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె పట్టించి నీళ్ళు పోయడం ఇప్పట్లో అసలే వద్దు. ఒళ్ళు చల్లబడకుండా కప్పండి. పాలు పట్టొచ్చు, ఆపరేషన్ టైము చెప్పాక ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపండి.

ఇక తీరిక దొరికినప్పుడు చదవాల్సింది.

కడుపులో బిడ్డ బియ్యపు గింజంత కూడా లేనప్పుడు వీపు వైపున ఒక పల్చటి రేకు ఉంటుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకుని, గొట్టంలా మూసుకుంటాయి. కజ్జికాయ చేసేటప్పుడు పూరీని మడిచి అంచు నొక్కుతారు చూడండి, దాదాపు అలాగే. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. గర్భం పడిన 28వ రోజుకల్లా ఈ మూత పూర్తవ్వాలి. అంటే నెల తప్పిందని అనుమానం వచ్చి, మెడికల్ షాపులో స్ట్రిప్ కొని చూసుకునే సరికే ఆ పని అయిపోతుంది, లేదా ఎక్కడో అంచు అతుక్కోకుండా మిగిలిపోతుంది. నడుం దగ్గర మిగిలిపోతే స్పైనా బిఫిడా. మీ భార్య ఐదో నెలలో ఏం తిన్నారు, ఏడో నెలలో ఎక్కడికి వెళ్ళారు, గ్రహణం రోజు బయటికి వచ్చారా అన్న చర్చ ఇంట్లో నడుస్తుంటే దయచేసి ఆపించండి. వాటికీ దీనికీ సంబంధం లేదు.

దీంట్లో రకాలున్నాయి. చాలామంది ఇంటర్నెట్‌లో ఒక రకం గురించి చదివి ఇంకో రకానికి భయపడతారు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ఏమీ చేయనక్కర్లేనిది అక్యుల్టా రకం. వెన్నుపూస వెనక ఎముక కొంచెం కలవలేదు, అంతే. లోపల నరాలు, బయట చర్మం మామూలుగానే ఉంటాయి. నూటికి పది పదిహేను మందిలో ఉంటుంది, నడుం నొప్పికని ఎక్స్‌రే తీయిస్తే రిపోర్టులో బయటపడుతుంది. ఆ ఒక్క ముక్క చూసి పెళ్ళి సంబంధం వదులుకున్న కుటుంబం నాకు తెలుసు. ఎంత చెప్పినా వినలేదు.

రెండోది మెనింగోసీల్. పొరలు, నీరు మాత్రమే తిత్తిలా బయటికి వస్తాయి, నరాలు లోపలే ఉంటాయి. ఇది అరుదు. వీళ్ళలో ఎక్కువమంది కాళ్ళు బాగానే పనిచేస్తాయి.

మూడోది మైలోమెనింగోసీల్. వెన్నుపామే ఆ తిత్తిలోకి, కొన్నిసార్లు పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. చెమ్మ, చర్మం లేకపోవడం బట్టి మీ పాపది ఇదే అనుకుంటున్నాను. చూసిన డాక్టరు మాటే ఫైనల్.

ఇవి కాక చర్మం కింద దాగుండేవి కొన్ని ఉన్నాయి. నడుం దగ్గర మెత్తటి కొవ్వు గడ్డ, లేదా ఒక చోట జుట్టు కుచ్చు, లేదా ఎర్రటి మచ్చ ఉంటుంది. లోపల వెన్నుపాము కింది కొస కొవ్వుకో తాడుకో కట్టేసినట్టు ఇరుక్కుని ఉంటుంది. బిడ్డ ఎదుగుతుంటే అది లాగబడుతుంది. ఆరేళ్ళకో పదేళ్ళకో కాలు సన్నబడటం, ఆగిపోయిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం చూస్తాం. ఇలాంటి గుర్తు ఉన్న పసిబిడ్డకి తొలి మూడు నెలల్లో నడుం స్కాన్ చేయిస్తే మంచిది, ఆ తర్వాత ఎముక గట్టిపడి అల్ట్రాసౌండ్‌లో సరిగా కనపడదు, ఎంఆర్ఐ కావాలి. మలద్వారానికి దగ్గర్లో, రెండున్నర సెంటీమీటర్ల లోపు, అడుగు కనిపించే చిన్న గుంట ఒక్కటే ఉంటే టెన్షన్ పడక్కర్లేదు.

మీ పాపకి చేసే ఆపరేషన్‌లో విప్పారిన నరాల పలకని జాగ్రత్తగా విడదీసి, మళ్ళీ గొట్టంలా చుట్టి లోపల పెట్టి, దాని మీద పొర, కండ, చర్మం వరసగా కుడతారు. ఇక్కడ నేను ప్రతి తల్లిదండ్రులకీ కూర్చోబెట్టి చెప్పే మాట ఒకటుంది. ఈ ఆపరేషన్ కాళ్ళకి కొత్తగా బలం తెచ్చిపెట్టదు. ఉన్న నరాల్ని కాపాడుతుంది, ఇన్‌ఫెక్షన్‌ని ఆపుతుంది. "ఆపరేషన్ అయ్యాక కూడా కాలు కదపట్లేదు, డాక్టరు పాడుచేశాడు" అని గొడవపడిన వాళ్ళున్నారు. అందుకే ఆపరేషన్‌కి ముందే, పాప ఏ కాలు ఎంత కదుపుతోందో మీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. అది మీకూ డాక్టరుకీ ఇద్దరికీ పనికొస్తుంది.

తర్వాత తల. ఈ పిల్లల్లో చిన్నమెదడు కింది భాగం మెడలోకి జారి ఉంటుంది, దాంతో మెదడులో నీరు పోయే దారి మూసుకుంటుంది. ఇలాంటి పిల్లల్లో పదిమందిలో ఎనిమిది మందికి షంట్ పడుతుందని మేం చదువుకున్న రోజుల్లో లెక్క, ఇప్పుడు కొంత ఆగి చూస్తున్నారు కాబట్టి తగ్గింది. షంట్ అంటే తల నుంచి చర్మం కిందుగా మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి దించే సన్నటి గొట్టం, మధ్యలో వాల్వు. ఆ వాల్వు పుట్టిందీ మీలాంటి ఒక నాన్న వల్లే. 1955లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్‌కి ఇలాగే వెన్ను గడ్డతో కొడుకు పుట్టాడు, వెంటనే తలలో నీరు చేరింది. మెషీన్ల మధ్య పనిచేసే ఆయన ఇంట్లో కూర్చుని సిలికాన్‌తో ఒకే వైపు తెరుచుకునే వాల్వు చేశాడు. 1956 నుంచి అది పిల్లల తలల్లో పనిచేయడం మొదలుపెట్టింది. మన దగ్గర ఎక్కువగా వాడేది ఉత్తరప్రదేశ్‌లో తయారయ్యే చాబ్రా షంట్, విదేశీ వాటికంటే ఖరీదు బాగా తక్కువ. కొందరికి గొట్టం లేకుండా ఎండోస్కోపీతో మెదడులోనే కొత్త దారి తెరుస్తారు, అది అందరికీ కుదరదు.

షంట్ వేసినా వేయకపోయినా ఒక టైలర్ టేపు కొనుక్కోండి. వారానికోసారి, ఒకే మనిషి, ఒకే చోట తల చుట్టుకొలత కొలిచి తేదీ వేసి రాయండి. మాడు ఉబ్బడం, కనుగుడ్లు కిందికి దిగిపోయి పైన తెల్లగా కనిపించడం, ఊరికే వాంతులు, ఎప్పుడూ మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు. షంట్ ఉన్న పిల్లాడు కొంచెం పెద్దయ్యాక తలనొప్పి, వాంతులు అంటే "ఏదో పడలేదులే" అనుకోవడం ప్రమాదం.

నడక గురించి. గడ్డ ఎంత కిందుంటే అంత నయం. మోకాలు చాచగలిగితే, అంటే నడుం మూడో నాలుగో పూస దాకా నరాలు పనిచేస్తుంటే, కాళ్ళకి బ్రేసులు (ఊతమిచ్చే చట్రాలు), చేతికర్రలతో నడిచే అవకాశం బాగా ఉంది. పాదం కిందికి నొక్కగలిగితే దాదాపు మామూలుగా నడుస్తారు. ఛాతీ దగ్గరి నుంచే దెబ్బతింటే వీల్‌చైర్. పాదాలు వంకర తిరిగి ఉంటే తొలి వారాల్లోనే పొన్సెటీ పద్ధతిలో పిండికట్లు మొదలుపెడతారు. చిన్నప్పుడు నడిచి, పన్నెండు పదమూడేళ్ళకి ఒళ్ళు బరువెక్కాక వీల్‌చైర్‌కి మారే పిల్లలూ ఉంటారు. దాన్ని ఓటమి అనుకోకండి, అందులో స్కూలుకి తొందరగా చేరతారు.

తెలివి చాలామందికి మామూలు స్థాయిలోనే ఉంటుంది. లెక్కల్లో, ఒకచోట దృష్టి పెట్టడంలో ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. తెలివిని దెబ్బతీసేది ముఖ్యంగా షంట్ ఇన్‌ఫెక్షన్లు, ఆలస్యంగా గుర్తించిన తల ఒత్తిడి.

మీరు అడగని విషయం మూత్రం. ఎవరూ అడగరు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది అదే, ఎందుకో చెప్తాను. ఇరవై ఏళ్ళ పైమాట, నేను పిల్లల సర్జన్‌గా కొత్త. ఒక బాబుకి వీపు మూశాను, షంట్ బాగా పనిచేసింది, రెండున్నరేళ్ళకి బ్రేసులతో వరండాలో నడిచి చూపించాడు. వార్డంతా చప్పట్లు కొట్టింది. "ఇబ్బంది ఏదైనా ఉంటే రండి" అని పంపేశాను. ఎనిమిదేళ్ళప్పుడు వచ్చాడు, ముఖం పాలిపోయి, ఐదేళ్ళ పిల్లాడంత ఎత్తులో. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ నాలుగు దాటింది. రెండు కిడ్నీలూ చివరి దశలో ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే వాళ్ళ అమ్మ, "ఇబ్బంది ఏమీ లేదు కదండీ, ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా పోతూనే ఉండేది" అంది. తప్పు ఆవిడది కాదు. ఏది ఇబ్బందో చెప్పకుండా పంపింది నేను.

ఆ చుక్కలు నిండిన కుండ పొర్లడం లాంటివి. మూత్రసంచికి వెళ్ళే నరాలు వెన్నుపాము చిట్టచివర్న ఉంటాయి, కాబట్టి బాగా నడిచే పిల్లల్లో కూడా అవి దెబ్బతిని ఉంటాయి. సంచి గట్టిపడుతుంది, కింద తలుపు సరైన సమయానికి తెరుచుకోదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి 40 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడిని దాటితే మూత్రం కిడ్నీల వైపు ఎగదన్ని వాటిని కొద్దికొద్దిగా తినేస్తుంది. నొప్పి ఉండదు, జ్వరం కూడా ఒక్కోసారి రాదు.

దీనికి మందు చాలా చవకైన వస్తువు, సన్నటి ప్లాస్టిక్ గొట్టం. మూడు నాలుగు గంటలకోసారి దాన్ని మూత్రదారిలో పెట్టి సంచి ఖాళీ చేసి తీసేయడం. 1972లో అమెరికన్ యూరాలజిస్టు జాక్ లాపిడస్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన చెప్పిందాంట్లో అప్పట్లో డాక్టర్లకే మింగుడుపడని మాట ఒకటుంది: ఆపరేషన్ థియేటర్ స్థాయి శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, వేళకి ఖాళీ చేయడమే ముఖ్యం అని. అది నిజమని తేలింది. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఏడేళ్ళకి తానే నేర్చుకుంది. మొదటిరోజు చిన్న అద్దం కాళ్ళ మధ్య పెట్టుకుని నాలుగుసార్లు తప్పు పెట్టింది, ఐదోసారి స్టీలు గిన్నెలో మూత్రం పడిన చప్పుడు వినగానే "అమ్మా, పడింది!" అని అరిచింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పెన్సిల్ బాక్సులో గొట్టం, తడి టిష్యూలు, రిస్ట్ వాచీలో అలారం. స్నేహితురాళ్ళలో ఒక్కరికే తెలుసు.

అందుకని డిశ్చార్జికి ముందు మీరు గట్టిగా పట్టుబట్టి అడగాల్సినవి: కిడ్నీల స్కాన్ అయిందా, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగులుతోంది, గొట్టం పెట్టడం మాకు ఎవరు నేర్పుతారు, సంచి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష ఎప్పుడు. చాలామందికి సంచిని మెత్తబరిచే ఆక్సీబ్యూటినిన్ మందు కూడా పడుతుంది. పొత్తికడుపు నొక్కి మూత్రం పోయించమని ఎవరైనా చెబితే వినకండి, ఆ నొక్కుడుకే ఒత్తిడి కిడ్నీలకి తగలొచ్చు. కొన్ని నెలలకోసారి కిడ్నీ స్కాన్, రక్తపరీక్ష జీవితాంతం. ఆ ఫైలు పోగొట్టకండి.

మలం సంగతి ఓపిక పని. మలబద్ధకం ఎప్పుడూ ఉంటుంది, అది ముదిరితే షంట్‌కీ, మూత్రానికీ ఇబ్బందే. రెండు మూడేళ్ళ నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకే వేళకి కూర్చోబెట్టడం, అవసరమైతే ఎనిమా.

పాదాలకి స్పర్శ తెలియదు. ఇదెంత చిన్న మాటలా అనిపిస్తుందో అంత పెద్ద గాయాలు చూశాను. మే నెల మధ్యాహ్నం డాబా మీద పాకి మోకాళ్ళు, పాదాలు బొబ్బలెక్కిన బాబు ఏడవలేదు, సాయంత్రం స్నానం చేయించేటప్పుడు తెలిసింది. వేణ్ణీళ్ళు ముందు మీ మోచేత్తో చూడండి. బండి సైలెన్సరు, కొత్త చెప్పుల ఒరిపిడి, బ్రేసు కింద ఎర్రటి మచ్చ, ఇవన్నీ రోజూ రాత్రి చూసుకోవాలి. ఇంకొకటి, ఈ పిల్లలకి రబ్బరు లేటెక్స్ అలర్జీ ఎక్కువగా వస్తుంది. ఆసుపత్రిలో లేటెక్స్ లేని గ్లౌజులు వాడమనండి, పుట్టినరోజుకి బుడగలు కట్టకండి.

కడుపులో ఉండగానే ఆపరేషన్ చేస్తారట కదా అని మీ బంధువులెవరైనా అనొచ్చు, అనిపించుకుని బాధపడొద్దు. నిజమే, 26 వారాల లోపు చేస్తారు. 2011లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అలా చేసిన పిల్లల్లో ఏడాదిలోపు షంట్ పడింది నూటికి 40 మందికి, పుట్టాక చేసిన వాళ్ళలో 82 మందికి. రెండున్నరేళ్ళకి ఆధారం లేకుండా నడిచిన వాళ్ళు కడుపులో చేసిన వాళ్ళలో 42 శాతం, పుట్టాక చేసిన వాళ్ళలో 21 శాతం. కానీ నెలలు నిండకుండా కాన్పు, తల్లి గర్భసంచికి ముప్పు ఉంటాయి. మన దేశంలో చేసేవాళ్ళు చాలా తక్కువ. అందరికీ పనికొచ్చేదీ కాదు.

మళ్ళీ వస్తుందా అంటే, ఒక బిడ్డకి వచ్చాక తర్వాతి బిడ్డకి నూటికి రెండు నుంచి ఐదు మందిలో రావచ్చు. మేనరికం ఒక్కటే కారణమని చెప్పలేం. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో మేనరికం లేనివాళ్ళూ చాలామంది. ఫోలిక్ ఆమ్లం తక్కువవడం, తల్లికి ముందునుంచే షుగరు, అధిక బరువు, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ మందు, ఇవి కలిసొస్తాయి. మూర్ఛ మందు సొంతంగా ఆపకండి, గర్భానికి ప్లాన్ చేసే ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. బ్రిటన్ వాళ్ళు కొన్ని దేశాల్లో కలిపి నడిపి, 1991లో ఫలితం చెప్పిన పరీక్షలో, ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు రోజుకి 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ముందునుంచే వేసుకుంటే మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని తేలింది. మన దగ్గర దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, మీలాంటి వాళ్ళకి అదే రాస్తాం. గర్భం రావడానికి కనీసం నెల, వీలైతే మూడు నెలల ముందు మొదలుపెట్టి మూడో నెల నిండే దాకా వేసుకోవాలి. ఇలాంటి చరిత్ర లేని మామూలు ఆడవాళ్ళకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్రల్లో కూడా ఫోలిక్ ఆమ్లం ఉంటుంది, కానీ ఈ పనికి అది ఆలస్యం. తోటకూర, పాలకూర, పెసలు మంచివే, అవి ఒక్కటే ఆ మోతాదు ఇవ్వలేవు. రేషన్ బియ్యంలో తెల్లగా, కాస్త తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన వాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమందో. అవి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి చేసిన గింజలు.

తర్వాతి గర్భంలో 11 నుంచి 14 వారాల స్కాన్, తర్వాత 18 నుంచి 20 వారాల మధ్య పూర్తి స్కాన్ అనుభవమున్న వాళ్ళ దగ్గర చేయించండి. తల ముందు భాగం నిమ్మకాయ ఆకారంలో నొక్కినట్టు, చిన్నమెదడు అరటిపండులా వంగినట్టు కనిపిస్తే వెన్ను వెతుకుతారు.

డబ్బు సంగతి రాయలేదు గానీ ఆలోచిస్తూనే ఉంటారు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ. చేర్పించగానే ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గరికి వెళ్ళి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో అడగండి, రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. పుట్టుకతో వచ్చే లోపాల్ని చూసే ఆర్‌బీఎస్‌కే పథకంలో వెన్ను లోపం ఉంది, ఆశా వర్కరుకి చెబితే జిల్లా కేంద్రంలో ఇలాంటి పిల్లల్ని తొలిదశలోనే చూసే డీఈఐసీ కేంద్రానికి రాస్తారు, ఫిజియోథెరపీ అక్కడ మొదలవుతుంది. వైకల్యం సర్టిఫికెట్, వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు కొంచెం ఆగి చేయించొచ్చు.

చివరగా మీ భార్య. సిజేరియన్ కుట్లతో ఊళ్ళోనే ఉండిపోవాల్సి వస్తుందని రాశారు. పాలు పిండి, శుభ్రంగా ఉడకబెట్టిన స్టీలు గిన్నెలో మూతపెట్టి, ఐసు పెట్టి రోజుకి రెండుసార్లు ఎవరితోనైనా పంపించమనండి, ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) వాళ్ళు ట్యూబు ద్వారా పడతారు. ఆపరేషన్ అయిన రాత్రి పాప బోర్లా పడుకుని ఉన్నప్పుడు నర్సమ్మని అడిగి ఒక ఫోటో తీసి ఆవిడకి పంపండి, వీపు కట్టు కాకుండా ముఖం కనిపించేలా.